కాలేయపు పటము: పోతబొమ్మ నుండి కంప్యూటరు వరకు

కొంత భాగమును కోసి తీసివేసినను, మిగిలిన భాగము తిరిగి పెరుగుట కాలేయమునకు గల విశేషగుణము. అందుచేతనే కాలేయములో కణితి పుట్టిన పసిబిడ్డకు, కణితితోపాటు కాలేయములో పెద్ద భాగమును తీసివేసినను బ్రతుకు అవకాశమున్నది. అయితే మిగిలిన భాగమునకు రక్తమును తెచ్చు నాళములు, రక్తమును కొనిపోవు సిర, పైత్యరసనాళము చెక్కుచెదరక నిలువవలెను. కాబట్టి కత్తి పట్టుటకు ముందే శస్త్రవైద్యునికి తెలియవలసినది ఒకటున్నది: ఏ నాళము ఎక్కడ ఉన్నది?

కాలేయము పైకి ఒకే ముద్దగా కనిపించును. దాని లోపలి అమరికను ఫ్రెంచి వైద్యుడు క్లోద్ కువినో 1957లో ప్రచురించిన గ్రంథములో వివరించినాడు. మృతదేహముల కాలేయనాళములలోనికి గట్టిపడు ద్రవమును ఎక్కించి, చుట్టునున్న కండను కరగించగా, నాళములు ఆకులు రాలిన చెట్టు వలె మిగులును. ఇట్టి పోతబొమ్మలను పరిశీలించి ఆయన కాలేయమును ఎనిమిది ఖండములుగా విభజించినాడు. ప్రతి ఖండమునకు రక్తమును తెచ్చు కొమ్మ వేరు. కనుక ఒక ఖండమును తీసినను పక్క ఖండము నిలుచును. నేటికిని శస్త్రవైద్యులు ఈ విభజననే వాడుచున్నారు.

కాని నాళములు అందరిలోను ఒకే తీరున చీలవు. కణితి పెరిగినచో వాటిని పక్కకు నెట్టును. అందుచేత చికిత్స పొందు బిడ్డ కాలేయమునకే పటము కావలెను. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణములు నీడను మాత్రమే ఇచ్చినవి. ముందున్న వస్తువు, వెనుకనున్న వస్తువు ఒకదానిపై ఒకటి పడినవి. 1971లో ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు యంత్రము ఈ చిక్కును విప్పినది. అది పలు కోణముల నుండి కిరణములను పంపి, లెక్కకట్టి, రోగి మెదడు అడ్డుకోతను చూపినది. ఆ సంవత్సరమే భారతీయులు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఇట్టి లెక్కను సులభముగా చేయు గణితపద్ధతిని ప్రకటించినారు. తరువాతి యంత్రములు శరీరమంతటికీ అడ్డుకోతలు తీయగలిగినవి.

అడ్డుకోతల నుండి పూర్తి ఆకారము ఎట్లు వచ్చును? నరసన్నపేట విద్యార్థులకు ఉద్దానపు పనస పరిచితమే. ఒక పనసపండును పలుచని చక్రములుగా కోసి, ప్రతి చక్రమును అట్టపై గీసి కత్తిరించి, వరుసగా పేర్చినచో పండు ఆకారము తిరిగి వచ్చును. ఒక తొన ఏ చక్రములో మొదలై ఎక్కడ ముగిసినదో కూడ తెలియును. కంప్యూటరు చేయు పని ఇదియే. అడ్డుకోతలను కలిపి ఉపరితలమును నిర్మించు ప్రసిద్ధపద్ధతిని 1987లో లోరెన్సెన్, క్లైన్ అను అమెరికా పరిశోధకులు ప్రకటించినారు.

పిల్లలకు వచ్చు కాలేయపు కణితులలో హెపటోబ్లాస్టోమా ముఖ్యమైనది. ఇది ఎక్కువగా మూడేండ్ల లోపు బిడ్డలలో కనబడును. చాలమందికి ముందుగా మందులిచ్చి కణితిని కుదించి, మరల చిత్రము తీయుదురు. తెరపై కణితిని ఒక రంగులో, సిరలను మరొక రంగులో చూచి, ఎక్కడ కోసిన ఎంత కాలేయము మిగులునో కొలుతురు. ప్రధాన సిరల నుండి కణితిని వేరుచేయుట అసాధ్యమని తోచినచో, కాలేయమార్పిడిని గూర్చి ముందే యోచింపవచ్చును. కడుపు తెరచిన తరువాత దిగ్భ్రమ చెందు ప్రమాదము ఇట్లు తగ్గును.

అయినను శస్త్రచికిత్స సమయములో కాలేయము కదలును, దాని ఆకారము మారును. అందుచేత వైద్యులు అప్పుడు అల్ట్రాసౌండుతో నాళములను మరల సరిచూచుకొందురు. పటము ఎంత చక్కనిదైనను, దానిని ఎదుటనున్న బిడ్డ శరీరముతో పోల్చి చూచుకొనవలసినదే.