గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా: తల్లుల సందేహాలు, ఖమ్మం అనుభవం

భారతీయ మహిళలలో రొమ్ము క్యాన్సర్ తరువాత అధికంగా కనిపించేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో దేశంలో 1.27 లక్షల మందికి పైగా మహిళలు కొత్తగా ఈ వ్యాధికి గురికాగా, దాదాపు 80 వేల మంది మరణించారు. దీనికి మూలకారణం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ). ప్రతి పది కేసులలో సుమారు ఏడింటికి ఈ వైరస్‌లోని 16, 18 రకాలే కారణమవుతున్నాయి. ఈ రెండింటి నుండి రక్షణ కల్పించే టీకా ఉన్నప్పటికీ, దాని పట్ల తెలుగునాట తల్లుల వైఖరిని గ్రహించాలంటే 2009 నాటి ఖమ్మం జిల్లా ఉదంతాన్ని పరిశీలించక తప్పదు.

పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారంతో 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు టీకా కార్యక్రమం ప్రారంభమైంది. సుమారు 14 వేల మంది బాలికలు ఇందులో చేరారు. వీరిలో వసతిగృహాలలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు గణనీయంగా ఉన్నారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇటువంటి కార్యక్రమమే జరిగింది. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్లు వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దీనిని నిలిపివేసింది.

ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయితే అనుమతి పత్రాల విషయం వేరు. పరిశీలించిన 9,543 పత్రాలలో 2,763 పత్రాలపై వసతిగృహ సంరక్షకులే సంతకం చేయగా, 1,948 పత్రాలపై వేలిముద్రలు మాత్రమే ఉన్నాయి. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో దీనిని తీవ్రంగా ఆక్షేపించింది. తల్లిదండ్రులను అడగకుండా టీకా వేశారన్న భావన వారి మనస్సులలో నిలిచిపోయినదంటే, దానిని కేవలం అవగాహనా లోపంగా భావించుట సమంజసం కాదు.

తల్లులు సాధారణంగా అడిగే ప్రశ్నలు కొన్నే. పిల్లకు ఇంత చిన్న వయస్సులో ఎందుకు? సంతానానికి ఆటంకం కలుగునా? వైరస్ లైంగిక సంబంధం ద్వారా వ్యాపిస్తుందని చెప్పగానే సంభాషణ అక్కడితో ఆగిపోవుట కూడా కద్దు. వైరస్ సోకక మునుపే టీకా వేసినచో రక్షణ అధికం కనుకనే 9-14 ఏళ్ళ వయస్సును నిర్ణయించారు. టీకాలో సజీవ వైరస్ ఉండదు. సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తుందనుటకు ఆధారాలు లేవు. సూది వేసిన చోట నొప్పి, స్వల్ప జ్వరం, ఒక్కొక్కసారి కళ్ళు తిరగడం ఉండవచ్చు. అందుకే టీకా అనంతరం బాలికలను కొద్దిసేపు కూర్చుండబెట్టాలి.

సిక్కిం రాష్ట్రం 2018లో పాఠశాలల ద్వారా టీకా వేయడానికి ముందే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పాత్రికేయులతో సమావేశాలు నిర్వహించింది. అర్హులైన బాలికలలో 95 శాతానికి పైగా టీకా పొందారు. ధర మరొక అవరోధం. పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావాక్‌కు 2022 జూలైలో అనుమతి లభించింది. అదే ఏడాది డిసెంబరులో, 9-20 ఏళ్ళ వారికి ఒక్క మోతాదు కూడా ప్రత్యామ్నాయంగా సరిపోగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

“మరి మా సంగతి ఏమి?” అని తల్లులు అడుగుట సహజం. ముప్పై ఏళ్ళు దాటిన మహిళలకు టీకా కంటె పరీక్షయే ముఖ్యం. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని పూసి గర్భాశయ ముఖద్వారాన్ని పరిశీలించే ఈ పరీక్షను 30-65 ఏళ్ళ మహిళలకు ఐదేళ్ళకొకసారి చేయాలని జాతీయ కార్యక్రమం నిర్దేశిస్తున్నది. టీకా అన్ని రకాల వైరస్‌ల నుండి రక్షించదు గనుక, నేడు టీకా పొందిన బాలికలకు సైతం ఆ వయస్సు వచ్చిన పిమ్మట పరీక్ష అవసరమే.