మట్టిని వినలేని యంత్రం

మియాపూర్‌లో ఎవరినైనా కొండాపూర్ ఎటని అడిగితే దక్షిణం వైపు, ఐటీ ఆఫీసుల వైపు చెయ్యి చూపిస్తారు. అదే పేరుతో ఇంకో ఊరుంది. బొంబాయి రోడ్డు పట్టుకుని పటాన్‌చెరు, సంగారెడ్డి దాటిపోతే వస్తుంది. ఆ ఊరి దిబ్బను కోటగడ్డ అంటారు. 1940ల మొదట్లో, నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ చూసిన గులాం యజ్దానీ అక్కడ తవ్విస్తే శాతవాహనుల కాలపు పట్నం బయటపడింది. నాణేలు, పూసలు, తెల్లని సుద్దమట్టి బొమ్మలు, వాటితో పాటు నాణేలు పోసే మట్టి మూసలు. ఈ చివరి వస్తువును గుర్తుపెట్టుకోండి.

మెటల్ డిటెక్టర్ ఇవాళ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కర్ర చివర తీగచుట్ట. అందులో కరెంటు అటూ ఇటూ మారుతుంటే కింద ఉన్న లోహంలో కూడా చిన్న కరెంటు పుడుతుంది, యంత్రం దాన్ని పసిగట్టి మోగుతుంది. నాణెమంత వస్తువైతే జానెడు, మహా అయితే మూరెడు లోతు. ఇంగ్లండులో ఇదొక సెలవురోజు సరదా. ఇక్కడ మాత్రం గుప్తనిధుల వ్యవహారం. ముఠా పట్టుబడిందన్న వార్త చదివితే పలుగు, పార, నిమ్మకాయలు, కుంకుమల పక్కన ఈ యంత్రం కూడా ఫొటోలో కనిపిస్తుంది. మంత్రగాడు చెప్పిన చోట యంత్రం, యంత్రం మోగిన చోట పలుగు. నంది పొట్టలో వజ్రాలుంటాయన్న నమ్మకానికి ఎన్ని పాత గుళ్ళలో నందులు రెండు ముక్కలయ్యాయో! అక్కడ యంత్రం కూడా అక్కర్లేదు, సుత్తి చాలు.

చట్టం మనకు లేదనుకోవద్దు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. పది రూపాయల పైన విలువ చేసేదేదైనా భూమిలో దొరికితే కలెక్టరుకు చెప్పాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, దొరికినవాడికి ముప్పాతిక, భూమి యజమానికి పావు. సర్కారు తీసుకోవాలనుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇస్తుంది. లోహం విలువకు! రెండు వేల ఏళ్ళ నాటి సీసపు నాణేనికి ఆ లెక్కన ఎంతొస్తుంది? అందుకే రైతు కలెక్టరు దగ్గరికి పోడు, కంసాలి దగ్గరికి పోతాడు. బ్రిటిష్‌వాళ్ళు తమ దేశంలో 1996లో కొత్త చట్టం చేసుకున్నారు, మార్కెట్ ధర కట్టిస్తారు. 2009లో స్టాఫర్డ్‌షైర్ పొలంలో డిటెక్టర్‌తో దొరికిన బంగారానికి ముప్ఫై లక్షల పౌండ్ల పైన ఇచ్చి, దొరికినవాడికీ రైతుకీ సగం సగం పంచారు. మనకిచ్చిపోయినది మాత్రం అట్లాగే ఉంది.

కానీ డబ్బు సంగతి ఒక ఎత్తు. నాకు అసలు బాధ యంత్రం చెవిటితనం గురించి.

మియాపూర్‌కు దగ్గర్లోనే గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. రాళ్ళూ తుప్పలూ నిండిన ఆ ఆవరణలో ఇనుపయుగపు సమాధులున్నాయి. పల్లెల్లో వీటిని రాకాసి గుళ్ళంటారు. ప్రొఫెసర్ కె.పి. రావు బృందం తవ్వితే ఇనుప పనిముట్లు, కుండలు దొరికాయి. ఆ ఇనుము నాలుగు వేల ఏళ్ళ నాటిదని వాళ్ళు అన్నారు. ఒప్పుకోని పండితులూ ఉన్నారు, వాదన నడుస్తోంది. అయితే ఆ కాలం లెక్క వచ్చింది ఇనుములోంచి కాదు, పక్కనున్న కుండలోంచి. కాల్చిన మట్టి ఎన్నేళ్ళుగా చీకట్లో ఉందో దాని రేణువుల్లో దాచుకున్న వెలుగును కొలిచి చెప్తారు. డిటెక్టర్ పట్టుకుని ఎవరైనా ముందే వచ్చి ఉంటే? ఇనుము మోగేది. తవ్వి తీసేవాడు. కుండ పగిలేది. తుప్పుపట్టిన కత్తి ఒకటి చేతిలో మిగిలేది, కాలం లేకుండా.

కొండాపూర్ మూసలదీ అదే కథ. యంత్రానికి నాణెం వినపడుతుంది, మూస వినపడదు. ఒట్టి నాణేలు దొరికితే వ్యాపారానికి వచ్చాయేమో అంటాం. మూసలు దొరికాయి గనకే ఇక్కడే టంకశాల ఉండేదని అనగలుగుతున్నాం.

తవ్వకుండా దొరికినదంతా వ్యర్థమని మాత్రం అనను. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో, గోదావరిలో పెద్దవాగు కలిసే చోట, వానలు పడ్డాక దిబ్బ మీద నాణేలు తేలేవి. ధర్మపురి పండితులు సంగనభట్ల నరహరి శర్మగారు వాటిని ఓపిగ్గా పోగుచేశారు, పరబ్రహ్మశాస్త్రిగారు చదివారు. గోభద, నారన, కంవాయ, సమగోప. చరిత్ర పుస్తకాల్లో లేని పేర్లు! ‘చిముక’ అని ఉన్న నాణేలూ వచ్చాయి. పురాణాల్లోని సిముకుడితడే, శాతవాహనుల మొదటి రాజు తెలంగాణలోనే మొదలయ్యాడు అన్న వాదం దాని మీద నిలబడింది. తర్వాత వి.వి. కృష్ణశాస్త్రిగారి నాయకత్వంలో రాష్ట్ర శాఖ తవ్వింది, ఏ పొర కింద ఏది ఉందో రాసిపెట్టింది. పైన ఏరిన నాణెం రాజు పేరు చెప్తుంది. ఎవరి తర్వాత ఎవరో చెప్పాలంటే పొర కావాలి. సిముకుడి మీద పండితుల పట్టుదలలు ఇంకా తెగకపోవడానికి ఇదొక కారణం.

కోటిలింగాల దిబ్బలో కొంత భాగం ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. మిగిలిన చోట వానలు పడ్డాక నాణేలు ఏరేవాళ్ళు ఇంకా ఉన్నారు. కొనేవాళ్ళూ ఉన్నారు.