జయపుర సంస్థానమున విక్రమదేవ నామధారులు

ముంచింగిపుట్టునుండి జోలాపుట్టు వైపు పోవు బాటసారి మాచ్‌ఖండ్ నదీప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ఎల్ల దాటి ఒడిశాలో అడుగిడును. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్ర మేర్పడువఱకు ఈ రెండు పార్శ్వములును విశాఖపట్టణ మండలములోనివే. ఈ ఎల్లకు ఆవలనున్న జయపుర సంస్థాన చరిత్రను శోధించు విద్యార్థికి తొలుత ఎదురగు చిక్కు రాజుల పేర్లు.

విక్రమదేవుడను పేర నలుగురు పాలించినట్లు చరిత్రకారులు లెక్కింతురు: మొదటివాడు 1758-1781, రెండవవాడు 1825-1860, మూడవవాడు 1889-1920, నాల్గవవాడు 1931-1951. వీరి నడుమ ఏలిన మువ్వురును రామచంద్రదేవులే. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారమునకు ఇంతకన్న చక్కని నిదర్శనము అరుదు.

ఈ సంఖ్యలు మనము తగిలించినవే. 17వ శతాబ్దిలో రాజధానిని నందపురమునుండి జయపురమునకు మార్చిన వీరవిక్రమదేవుడు ఈ నలుగురిలో చేరలేదు; 'వీర' పదమును నామభాగముగా గ్రహించి ఆయనను వేఱుపఱచినట్లున్నది. పట్టణస్థాపకుడే లెక్కకు వెలియైనాడు! (1727లో సవాయి జయసింహుడు నిర్మించిన రాజస్థాన నగరముతో ఈ జయపురమును కలిపివేయువారును లేకపోలేదు.)

కాలమును సూచించు ఆధారములు కొంత తోడ్పడును. కొండసీమలు కలెక్టరు చేతిలో ఏజెన్సీగా చేరినది 1839లో. కావున ఏజెంటును పేర్కొను పత్రము మొదటి విక్రమదేవునిది కానేరదు. ఇంగ్లీషు ప్రభుత్వపు పోలీసు సంస్థానమున ప్రవేశించినది 1863లో. అప్పటికి రెండవ విక్రమదేవుడు గతించెను.

మూడవ, నాల్గవ విక్రమదేవుల విషయమున ఈ ఉపాయము పాఱదు. నాల్గవవాడు 1869లో జన్మించెను. తన ముందరి రాజైన రామచంద్రదేవునికి ఆయన కుమారుడు కాడు, జ్ఞాతి. రామచంద్రదేవుడు సంతతి లేక మరణింపగా, అఱువదేండ్లు దాటిన పిదప రాజ్యము ఆయనకు సంక్రమించెను. అనగా 1889 మొదలు 1920 వఱకు ఒకే వంశమున ఇద్దఱు విక్రమదేవులు జీవించియుండిరి: ఒకడు జయపుర పాలకుడు, రెండవవాడు రాజ్యములేని పండితుడు, కవి. ఆ కాలపు ముద్రణలోగాని, ఉత్తరములోగాని విక్రమదేవుని పేరు కనబడగానే దానిని రాజునకు అంటగట్టుట సులభము. పండితునికి చెందవలసిన యశము అట్లు చేయిజాఱును.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల విరాళ మొసగిన దాత ఈ నాల్గవవాడే. విజ్ఞాన సాంకేతిక కళాశాల పేరులో జయపురమున్నది, విక్రమదేవుడున్నాడు. సంఖ్య మాత్రము లేదు. ఆయనయే ఒడిశా రాష్ట్రావతరణకును తోడ్పడెను. అందుచే ఎల్లకు ఈవలివారు ఒక విక్రమదేవుని, ఆవలివారు మఱొక విక్రమదేవుని స్మరించుచున్నట్లు తోచునుగాని, వ్యక్తి యొక్కడే. ఇచ్చట చిక్కు తలక్రిందైనది: పలువురికి ఒక పేరు కాక, ఒక్కనికే రెండు కీర్తులు.

సమకాలికులైన ఆ యిరువురిని విడదీయుటకు తండ్రిపేరే శరణ్యము. రాజు రామచంద్రదేవుని కుమారుడు. కవి కృష్ణచంద్రదేవుని కుమారుడు.