ఉప్పు నిలబెట్టిన ఊరు

1890 దాకా హాల్‌స్టాట్‌కి రోడ్డు లేదు. పడవలో రావాలి, లేదంటే కొండ అంచున కాలిబాట పట్టి నడవాలి. 1877లో రైలు వచ్చింది కానీ, అది సరస్సుకి అవతలి ఒడ్డున ఆగింది. ఆ స్టేషన్‌లో దిగినవాళ్ళు ఇవాళ్టికీ పడవెక్కే ఊళ్ళోకి వస్తారు. ఆస్ట్రియాలో సాల్జ్‌కమ్మర్‌గూట్ అనే కొండసీమలో, సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉందీ పల్లె. జనం ఎనిమిది వందల లోపే. ముందు 125 మీటర్ల లోతున్న సరస్సు, వెనక నిట్టనిలువు కొండ, ఆపైన దాదాపు 3,000 మీటర్ల డాఖ్‌స్టైన్ శిఖరం. నీటికీ రాతికీ మధ్య మిగిలిన సన్నటి అంచు మీద ఇళ్ళు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. దున్నుకోవడానికి నేల లేదు. చలికాలంలో కొండ నీడ తొలగి ఎండ తగిలేది కాసేపే.

బుద్ధున్నవాడెవడూ ఇక్కడ ఊరు కట్టడు. అయినా వేల ఏళ్ళుగా మనుషులు ఇక్కడే ఉన్నారంటే, ఆ కారణం పర్యాటకులు ఫొటోలు తీసుకునే సరస్సులో లేదు. ఊరికి సుమారు 350 మీటర్ల పైన, కొండల సందున దాగిన చిన్న లోయలో ఉంది. ఆ లోయ కిందంతా ఉప్పు.

ఉప్పంటే సముద్రపు ఒడ్డు మడులే గుర్తొచ్చే మనకి, కొండని తొలిచి ఉప్పు తీయడం వింతగానే ఉంటుంది. నిజానికి ఆయుర్వేదం కొట్లో కొనే సైంధవ లవణం కూడా కొండ ఉప్పే. హాల్‌స్టాట్ ఉప్పుకీ మూలం సముద్రమే. సుమారు 25 కోట్ల ఏళ్ళ కిందట ఎండిపోయిన సముద్రం అడుగున పేరుకున్న పొరలు, ఆల్ప్స్ పర్వతాలు పైకి లేచేటప్పుడు మట్టితోనూ రాతితోనూ కలిసిపోయి కొండ కడుపులో ఇరుక్కున్నాయి.

ఆ ఉప్పు జాడ మొదట ఎవరు పట్టారో గానీ, 1838లో ఇక్కడ దొరికిన దుప్పికొమ్ము పనిముట్టు వయసు సుమారు 7,000 ఏళ్ళు. కంచు యుగం నాటికి ఇక్కడి పని చిల్లర తవ్వకాల దశ దాటి, 100 మీటర్లకి మించిన లోతున పెద్ద ఎత్తున సాగే పరిశ్రమ అయింది. 2002లో గనిలో ఒక చెక్క మెట్లదారి బయటపడింది. ఎనిమిది మీటర్ల పొడవు, మీటరుకి మించిన వెడల్పు. చెట్ల వలయాలు లెక్కగట్టి చూస్తే ఆ కలపని క్రీ.పూ. 1344, 1343లో కొట్టారని తేలింది. ఈజిప్టులో టూటన్‌ఖామున్ పుట్టిన కాలమది. ఆ మెట్ల మీద ఎవరు నడిచారో చెప్పడానికి శాసనాలు లేవు. అంతకంటే మేలైన సాక్ష్యం ఉంది: చెత్త.

ఉప్పు దేన్నీ కుళ్ళనివ్వదు. పనివాళ్ళు పారేసినదంతా ఉప్పులో చిక్కి అలాగే ఉండిపోయింది. వీపుకి తగిలించుకునే తోలు సంచులు, తోలు టోపీలు, చిన్నపిల్లల కాళ్ళకి సరిపోయే చెప్పులు, వెలుతురు కోసం గుత్తులుగా కాల్చిన సన్నటి చెక్కపుల్లల కొసలు, రంగు వెలవని ఊలు గుడ్డల పీలికలు. ఆఖరికి వాళ్ళ మలం కూడా మిగిలింది. దాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2021లో ప్రకటించిన ఫలితం నాకు రాజుల కిరీటాలకన్నా విలువైనదనిపిస్తుంది. ఇనుప యుగంలో, అంటే దాదాపు 2,700 ఏళ్ళ కిందట, ఇక్కడి గని కూలీలు బార్లీ, కొర్రల్లాంటి చిరుధాన్యాలు, చిక్కుళ్ళు తిన్నారు. వాటితోపాటు నీలిబూజు పట్టించిన చీజ్ తిన్నారు, బీరు తాగారు. ఆ బూజునీ, ఆ బీరుని పులియబెట్టే ఈస్టునీ అందులో గుర్తుపట్టగలిగారు.

1734లో గనిలో ఒక మనిషే దొరికాడు. ఎప్పుడో పురాయుగంలో కొండ విరిగిపడి, ఉప్పులో అణిగిపోయి, చెడిపోకుండా మిగిలిన కూలీ. అప్పటివాళ్ళకి అతను ఏ కాలంవాడో తెలియదు. క్రైస్తవుడు కాడని మాత్రం అనిపించినట్టుంది, బాప్తిస్మం లేనివాళ్ళని పెట్టే మూల పూడ్చేశారు. ఇవాళ మ్యూజియంలో ఉండాల్సిన మనిషి నేలలో కలిసిపోయాడు.

గని పై లోయలోనే స్మశానమూ ఉంది. 1846లో గని అధికారి యోహాన్ గేయోర్గ్ రామ్‌జావర్ దాన్ని కనిపెట్టి, 1863 దాకా తవ్వుతూ పోయి 980 సమాధులు బయటపెట్టాడు. చదువుకున్న పురావస్తు పండితుడు కాడు. కానీ ప్రతి సమాధిలో ఏది ఎక్కడుందో రాయించాడు, ఇసిడోర్ ఎంగ్ల్ చేత నీటిరంగుల్లో బొమ్మలు గీయించాడు. యూరప్‌లో చాలామంది నగల కోసమే సమాధులు తవ్వుతున్న రోజులవి. ఆయన గీయించిన బొమ్మలు పరిశోధకులకి ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఒక సమాధిలో ఏనుగు దంతపు పిడి, దానిలో పొదిగిన అంబర్ ఉన్న కత్తి దొరికింది. దంతం మధ్యధరా దారుల్లో, అంబర్ బాల్టిక్ వైపు నుంచి ఈ కొండల్లోకి వచ్చాయి. ఉప్పు పోయిన దారినే సంపద తిరిగొచ్చింది. అయితే ఎముకలు ఇంకో కథ చెబుతున్నాయి. ఆడవాళ్ళ కీళ్ళు ఒక భుజం మీద బరువులు మోసి మోసి అరిగిపోయాయి, పిల్లల ఎముకల్లోనూ శ్రమ గుర్తులున్నాయి. 1874లో స్వీడన్ పండితుడు హాన్స్ హిల్డెబ్రాండ్ మధ్య యూరప్ తొలి ఇనుప యుగానికి ఈ ఊరి పేరే పెట్టాడు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో దొరికిన కుండైనా, బొహీమియాలో దొరికిన కత్తైనా ఆ కాలానిదైతే హాల్‌స్టాట్ నాటిదనే అంటారు.

క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలో కొండచరియలు విరిగిపడి ఆ గని పూడిపోయింది. తర్వాత చాలా శతాబ్దాలపాటు ఇక్కడి ఉప్పు సంగతి పెద్దగా వినబడదు. మళ్ళీ పని ఊపందుకున్నది హాబ్స్‌బర్గ్ వంశపు రాణి ఎలిజబెత్ చేతుల మీదుగా. 1311లో ఆమె ఊరికి సంత హక్కులిచ్చింది. అప్పటికి పద్ధతి మారింది. కొండలో గదులు తొలిచి, మంచినీళ్ళు నింపి, ఉప్పు కరిగాక ఆ నీటిని తెచ్చి పెద్ద పెనాల్లో మరగబెట్టేవారు. దానికి కట్టెలు కావాలి, చుట్టుపక్కల అడవి తరిగిపోతోంది. ఉప్పు దగ్గరికి కట్టెలు మోయలేక, కట్టెల దగ్గరికే ఉప్పునీటిని పంపారు. 1595 నుంచి 1607 వరకు కష్టపడి, సుమారు 13,000 చెట్ల మాన్లు డొల్ల చేసి, ఒకదానికొకటి అతికి, 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎబెన్‌జే దాకా గొట్టం వేశారు. పంపులు లేవు, వాలే దాన్ని నడిపింది. ప్రపంచంలో అతి పాత పారిశ్రామిక గొట్టపుదారి ఇదేనంటారు. దాని వెంట ఇప్పుడు జనం సరదాగా నడుస్తుంటారు.

ఉప్పు రాజుగారిది, కూలీల మనసు మాత్రం లూథర్ బోధించిన ప్రొటెస్టెంట్ మతం వైపు తిరిగింది. ఇది వియన్నాలోని కాథలిక్ పాలకులకి నచ్చలేదు. ఆ ఉప్పుమనిషి దొరికిన 1734లోనే ఆరో చార్లెస్ చక్రవర్తి సాల్జ్‌కమ్మర్‌గూట్ ప్రొటెస్టెంట్లని ఇళ్ళు వదిలించి ట్రాన్సిల్వేనియాకి తరిమాడు. మిగిలినవాళ్ళు నమ్మకాన్ని గుట్టుగా దాచుకున్నారు. 1781 నుంచి ప్రార్థనకి అనుమతి వచ్చినా, వాళ్ళ గుడికి గోపురం, గంట ఉండకూడదన్నారు. సమాన హక్కులు దక్కింది 1861లో. ఇవాళ ప్రతి క్యాలెండర్‌లో సరస్సు పక్కన కనబడే ఆ సన్నటి పొడవాటి గోపురం 1863లో పూర్తయిన ప్రొటెస్టెంట్ చర్చిదే.

కాథలిక్కుల చర్చి పైన, బండ మీద ఉంది. దాని చుట్టూ ఉన్న స్మశానం చిన్నది, పెంచుదామంటే చోటు లేదు. అందుకని పది పదిహేనేళ్ళకి సమాధి తెరిచి, ఎముకలు తీసి, పుర్రెని ఎండలో తెల్లబడనిచ్చి, పేరు రాసి, పూలో ఆకులో గీసి, పక్కనున్న చిన్న మందిరంలో వరసగా పేర్చేవారు. అక్కడ సుమారు 1,200 పుర్రెలున్నాయి, వాటిలో 600 పైచిలుకు రంగులద్దినవి. చిట్టచివరిది 1995లో చేరింది. మనకి ఒళ్ళు జలదరిస్తుంది గానీ, వాళ్ళకిది తాత ఫొటో గోడకి తగిలించడం లాంటిదే.

1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2012లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక కంపెనీ చర్చితో, చౌకుతో సహా ఊరికి నకలు కట్టింది. ముందు విస్తుపోయిన ఊరివాళ్ళు తర్వాత ప్రారంభోత్సవానికీ వెళ్ళారు. నకలు చూసినవాళ్ళకి అసలు చూడాలనిపించింది. రద్దీ రోజుల్లో పదివేల మంది దాకా దిగుతున్నారు. 2020 నుంచి పర్యాటకుల బస్సులు ముందే సమయం తీసుకోవాలి. 2023లో ఫొటోలకోసం జనం ఎగబడే చోట ఊరివాళ్ళు చెక్కల అడ్డు కట్టి తీసేశారు, ఆ ఆగస్టులో ఊళ్ళోకి వచ్చే రోడ్డు సొరంగం దగ్గర దారి ఆపి నిరసన తెలిపారు.

ఈ గొడవతో నిమిత్తం లేకుండా పైన గని నడుస్తూనే ఉంది, ఉప్పునీళ్ళు ఇప్పటికీ ఎబెన్‌జేకే పోతున్నాయి. అదే గనిలో వియన్నా ప్రకృతి చరిత్ర మ్యూజియంవాళ్ళు పాత సొరంగాల జాడలు వెతుకుతున్నారు. ఉప్పుకొండ నిలకడగా ఉండేది కాదు, మెల్లగా కదులుతూ ప్రతి ఖాళీనీ నొక్కి పూడ్చేస్తుంది. ఆ కంచు యుగపు మెట్లదారిని కూడా ఆ ఒత్తిడికి నలిగిపోకముందే ముక్కముక్కగా విప్పదీసి, గనిలోనే మరో చోటికి మార్చి నిలబెట్టారు.