గ్రీకు నగరములు, తెలుగు దుర్గములు

మిర్యాలగూడకు దక్షిణమున వాడపల్లి వద్ద మూసీనది కృష్ణలో కలియుచున్నది. సంగమస్థానమున అగస్త్యేశ్వరుని, లక్ష్మీనరసింహస్వామి ఆలయములు కలవు. నేడు యాత్రికులు స్నానమాడి, దైవదర్శనము చేసికొని పోవు ఈ కృష్ణాతీరము ఒకప్పుడు రెండు తెలుగు రాజ్యములకు నడిమి సీమ. 14వ శతాబ్ది ఉత్తరార్ధమునందును, 15వ శతాబ్ది తొలినాళ్లయందును నదికి ఉత్తరమున రాచకొండ, దేవరకొండ దుర్గములను వెలమనాయకులు ఏలుచుండిరి. దక్షిణమున కొండవీటి రెడ్డిరాజులు ఏలుచుండిరి. ఉభయుల భాష తెలుగే. ఉభయుల పూర్వులును కాకతీయుల కొలువున కత్తిపట్టినవారే. ఉభయులకును శ్రీశైల మల్లికార్జునుడు ఆరాధ్యదైవమే. అయినను వారు తరతరములుగా పోరాడిరి.

చరిత్రలో ఇట్టి దృష్టాంతము ఇది యొకటియే కాదు. దీనికి పదునెనిమిది శతాబ్దములకు పూర్వము, సముద్రముల కావల గ్రీసు దేశమున ఇట్టి కథయే జరిగెను. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, యుద్ధము దేనిని హరించునో, విద్య దేనిని నిలుపునో సామాన్య పాఠకునికిని స్పష్టమగును.

గ్రీకుల నగర రాజ్యములు

గ్రీసు కొండల దేశము. కొండలకు నడుమ చిన్న చిన్న మైదానములు, చుట్టును సముద్రము, సముద్రమున దీవులు. ఈ కారణమున అచ్చట ఒకే మహారాజ్యము ఏర్పడలేదు. ఒక పట్టణము, దాని చుట్టునున్న పల్లెలు, పొలములు కలిసి ఒక స్వతంత్ర రాజ్యముగా నుండెడివి. ఇట్టివి కొన్ని వందలు. ఏథెన్సు, స్పార్టా, కోరింథు, థీబ్సు వానిలో ప్రసిద్ధములు.

వీరందరును మాటలాడినది గ్రీకు భాషయే; కొలిచినది జ్యూస్ మొదలగు దేవతలనే. నాలుగేండ్ల కొకసారి ఒలింపియాలో ఉత్సవము జరుగునప్పుడు, అచ్చటికి పోవువారికి దారిలో హాని చేయరాదను కట్టుబాటు ఉండెను. ఆ క్రీడలు క్రీ. పూ. 776లో ఆరంభమైనవని గ్రీకులు లెక్కించుకొనిరి. ఉత్సవమైన పిమ్మట మరల ఎవరి నగరము వారిదే, ఎవరి పగ వారిదే.

ఏథెన్సులో పౌరులందరును సభగా కూడి రాజ్యవ్యవహారములను నిర్ణయించెడివారు. స్పార్టాలో ఇద్దరు రాజులు, పెద్దల సభ ఉండెను. ఏడేండ్ల ప్రాయమునుండియే మగబిడ్డలను తల్లిదండ్రులకు దూరము చేసి సైనికశిక్షణమునకు అప్పగించెడివారు. ఏథెన్సు స్వాతంత్ర్యమునందు స్త్రీలకు, బానిసలకు, పరదేశీయులకు పాలు లేదు. స్పార్టా వారి పొలములు దున్నినది హెలట్లు అను దాసజనము. గ్రీకుల ఔన్నత్యమును కొనియాడువారు ఈ సంగతిని మరువరాదు.

కలిసి గెలిచినవారు

క్రీ. పూ. 490లో పారసీక చక్రవర్తి సేనలు గ్రీసుపై దిగగా ఏథెన్సు వారు మారథాన్ మైదానమున వానిని ఓడించిరి. పదేండ్లకు, క్రీ. పూ. 480లో, జెర్క్‌సీజ్ చక్రవర్తి మహాసైన్యముతో స్వయముగా వచ్చెను. థెర్మాపిలే కనుమలో స్పార్టా రాజు లియోనిడాస్ తన 300 మంది స్పార్టనులతోను, వెంట నిలిచిన ఇతర గ్రీకులతోను పోరాడి మడిసెను. ఏథెన్సు దగ్ధమయ్యెను. కాని ఆ సంవత్సరమే సలామిస్ జలసంధిలో గ్రీకు నౌకలు పారసీక నౌకాబలమును భగ్నము చేసినవి. మరుసటి యేడు ప్లటీయాలో ఏథెన్సు, స్పార్టా సేనలు ఒకే పక్షమున నిలిచి శత్రువును తరిమివేసినవి.

తెలుగుదేశమునను ఇట్టి ఘట్టము కలదు. 1323లో ఓరుగల్లు పడిపోయి కాకతీయ రాజ్యము అంతరించి, తెలుగునేల ఢిల్లీ సుల్తానుల వశమయ్యెను. అప్పుడు ముసునూరి ప్రోలయనాయకుడు, అతని తరువాత కాపయనాయకుడు చెదరిన నాయకులను కూడగట్టిరి. 1423లో రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనము, కాపయనాయకుని 75 మంది నాయకులు కొలిచిరని చెప్పుచున్నది. ఆ ఐకమత్యబలమున సుమారు 1336లో ఓరుగల్లు మరల తెలుగువారి చేతికి వచ్చెను.

కలిసి గెలిచినవారు కలిసియుండలేకపోయిరి. సుమారు 1368లో ఓరుగంటి చెంత భీమవరము వద్ద జరిగిన యుద్ధమున కాపయనాయకుడు మరణించెను. అతనిని ఓడించినది పరదేశపు సుల్తాను కాదు. రాచకొండ ప్రభువు అనపోతనాయకుడు.

తమలో తాము పోరాడినవారు

గ్రీసులోను అట్లే జరిగెను. పారసీకుల భయము తొలగిన పిమ్మట, దీవుల రక్షణకై ఏర్పడిన కూటమికి ఏథెన్సు నాయకత్వము వహించెను. క్రమముగా మిత్రులు కప్పము గట్టువారైరి. క్రీ. పూ. 454లో కూటమి ధనాగారము డీలాస్ దీవినుండి ఏథెన్సునకు తరలెను. క్రీ. పూ. 447లో ఆరంభమైన పార్థినాన్ ఆలయము నేటికిని లోకమునకు ఆశ్చర్యకారణముగా నున్నది. ఆ కాలపు ఏథెన్సు వైభవమునందు మిత్రరాజ్యములు చెల్లించిన సొమ్మునకును పాలు కలదు.

క్రీ. పూ. 431లో ఏథెన్సు, స్పార్టాల నడుమ మహాయుద్ధము చెలరేగి, నడుమ కొంతకాలము సంధి కుదిరినను, 27 సంవత్సరములకు గాని ముగియలేదు. రెండవ యేటనే కోటలో క్రిక్కిరిసిన జనులపై మహమ్మారి పడెను. నాయకుడు పెరిక్లీసు క్రీ. పూ. 429లో దానికే బలియయ్యెను. క్రీ. పూ. 416లో ఏథెన్సు వారు మెలాస్ అను చిన్న దీవిని ముట్టడించి, చేజిక్కిన పురుషులను చంపి, స్త్రీలను పిల్లలను బానిసలుగా అమ్మిరి. మరుసటి వసంతమున, ఆ ఏథెన్సులోనే యూరిపిడీసు కవి, ఓడిన ట్రాయ్ నగరపు స్త్రీల దుఃఖమును నాటకముగా ఆడించెను. గెలిచినవారి ఎదుట ఓడినవారి కన్నీటిని ప్రదర్శించుట సామాన్యమైన సాహసము కాదు.

ఆ పిమ్మట ఏథెన్సు సిసిలీ దీవిపై దండెత్తి, క్రీ. పూ. 413లో నౌకలను, సైన్యమును సర్వమును కోల్పోయెను. బందీలను సిరక్యూసు రాతిగనులలో పడవైచిరి. అచ్చటివారు యూరిపిడీసు కవిత్వమునకు ప్రాణమిచ్చువారు. ఆ కవి పద్యములను వల్లించి కొందరు బందీలు విడుదల పొందిరనియు, స్వదేశము చేరి కవికి కృతజ్ఞత తెల్పుకొనిరనియు ప్లూటార్కు అను చరిత్రకారుడు వ్రాసినాడు.

కొండవీటి కటారి

ఇదే చందమున తెలుగునాట ఒక కథ పరంపరగా వచ్చుచున్నది. కొండవీటి రెడ్లకు ప్రాణప్రదమైన నందికంత పోతరాజు కటారి యుద్ధమున రాచకొండ వారి వశమయ్యెనట. దానిని కత్తితో తెచ్చుట సాధ్యము కాలేదు. అప్పుడు కొండవీటి విద్యాధికారియైన శ్రీనాథ మహాకవి రాచకొండ సింగభూపాలుని కొలువునకు పోయి, తన పద్యముతో ప్రభువును మెప్పించి కటారిని తెచ్చెనని చెప్పుదురు. ఇది చాటుకథ, శాసనప్రమాణము గలది కాదు. అయినను ఆ కాలపు తెలుగువారు కవిత్వము నెట్లు తలచిరో ఈ కథ తెలుపుచున్నది. శత్రుకవికి కోట తలుపు తెరవబడును. పద్యమునకు సరిహద్దు లేదు.

ఆ ఇరుపక్షముల ప్రభువులును విద్వాంసులు. రాచకొండ సింగభూపాలుడు సంస్కృతమున 'రసార్ణవసుధాకరము' అను నాట్యాలంకార గ్రంథమును రచించి 'సర్వజ్ఞ' బిరుదమును వహించెను. 1402 నుండి 1420 వరకు కొండవీడును ఏలిన పెదకోమటి వేమారెడ్డి 'సాహిత్యచింతామణి' రచించి 'సర్వజ్ఞ చక్రవర్తి' అనిపించుకొనెను. కొండవీటి కుమారగిరిరెడ్డి బావమరిది కాటయవేముడు కాళిదాసు నాటకములకు వ్యాఖ్యలు వ్రాసెను. ద్విపదలో హరిశ్చంద్ర కథను చెప్పిన గౌరన రాచకొండ రాజ్యమువాడు. రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱాప్రగడ మహాభారతమున అరణ్యపర్వశేషమును పూరించెను. రణరంగముననే కాక బిరుదములందును వీరు పోటీపడిరి. ఆ రెండవ పోటీవలన దేశమునకు మేలే కలిగినది.

పిట్టపోరు

అంతఃకలహమునకు ఫలమేమి? ఏథెన్సును గెలుచుటకై స్పార్టా నౌకాదళమును సమకూర్చుకొన్నది పారసీకుల ధనముతోనే. ఏ పారసీకులను తాతలు తరిమిరో, వారి యెదుట మనుమలు చేయి చాచిరి. క్రీ. పూ. 404లో ఏథెన్సు లొంగిపోయి, ప్రాకారములు కూల్చబడినవి. స్పార్టా ఆధిక్యమును నిలువలేదు, క్రీ. పూ. 371లో లూక్ట్రా యుద్ధమున థీబ్సు దానిని భంగపరచెను. అందరును అలసియుండగా ఉత్తరమునుండి మాసిడోనియా రాజు ఫిలిప్ దిగి, క్రీ. పూ. 338లో కిరోనియా వద్ద ఏథెన్సు, థీబ్సుల నొక్కపెట్టున ఓడించెను.

ఇచ్చటను రాచకొండ వారు బహమనీ సుల్తానుల స్నేహమును కోరిరి. కొండవీటి వారిపై మరొకవైపునుండి విజయనగరపు ఒత్తిడి హెచ్చెను. 1420లో పెదకోమటి వేముడు మరణించిన కొలది యేండ్లకే కొండవీడు విజయనగరాధీనమై, 1454లో కటకపు గజపతుల చేతికి పోయెను. రాచకొండ బహమనీల పాలయ్యెను. 'పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినది' అను పల్లెసామెతకు ఇంతకంటె పెద్ద వ్యాఖ్యానము అక్కరలేదు. గట్టు తగవునకై దాయాదులు కోర్టుల వెంట తిరుగగా, చివరకు పొలము మూడవవాడు కొనుట గ్రామస్థులు ఎరుగనిది కాదు. రాజ్యముల కథయు అంతియే. కొలత మాత్రమే పెద్దది.

పోలికకు హద్దు కలదు. ఏథెన్సులో యుద్ధమా, సంధియా అని పౌరులు చేతులెత్తి నిర్ణయించిరి. రాచకొండ, కొండవీడులలో రాజు మాటయే శాసనము. కావున ఏథెన్సు చేసిన తప్పులలో దాని పౌరులందరికిని పాలు కలదు. జనులు స్వయముగా పాలించుకొనుట ఎంత గొప్పయో, తెలివిలేని ఆవేశమున వారు తీర్పు చెప్పుట అంత ప్రమాదమని ఆ చరిత్ర హెచ్చరించుచున్నది. క్రీ. పూ. 399లో సోక్రటీసు వంటి జ్ఞానికి విషపాత్ర విధించినదియు పౌరుల న్యాయసభయే. ఓటుహక్కు గల ప్రజలకు చదువు అలంకారము కాదు, అవసరము.

నిలిచినది ఏది?

నేడు రాచకొండ గుట్టపై శిథిలమైన బురుజులు, కోటగోడలు మిగిలినవి. ఆ ప్రభువుల జయపరాజయముల పట్టిక చరిత్ర పండితులకు తప్ప ఎవ్వరికిని పట్టదు. కొండవీడు పోయిన పిదప శ్రీనాథుడు రాజమహేంద్రవరము చేరి, అచ్చటి వీరభద్రారెడ్డికి 'కాశీఖండము' అంకితమిచ్చెను. రాజ్యము పడిపోయినను కవి నడిచిపోయెను. తాటాకులపై అతని కావ్యము అంతకంటె దూరము నడిచెను. గ్రీసున ఒక యుద్ధమున విఫలుడై, ఏథెన్సునుండి 20 ఏండ్లు వెలివేయబడిన సేనాని థ్యూసిడిడీసు, ఆ ప్రవాసకాలమున మహాయుద్ధ చరిత్రను గ్రంథస్థము చేయ కృషి సల్పెను. అతడు సేనానిగా పోగొట్టినది మరల రాలేదు. చరిత్రకారుడుగా ఇచ్చినది నేటికిని పోలేదు.

ఈ సీమలో ఆ పరంపరకు సాక్ష్యములు దూరమున లేవు. సూర్యాపేట చెంత పిల్లలమర్రిలో కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వరాలయములు శాసనములతో సహా ఎనిమిది శతాబ్దములుగా నిలిచియున్నవి. కోదాడ చెంత నడిగూడెము మునగాల సంస్థానమునకు కేంద్రము. ఆ సంస్థానాధిపతి రాజా నాయని వెంకటరంగారావు, వారి దివాను కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులతో కూడి 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1906లో లక్ష్మణరావుగారి పూనికతో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసి, చరిత్రను, శాస్త్రములను తేటతెలుగున ప్రజలకు అందించెను. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' ఆ మండలి ద్వారమునే 1910లో వెలువడ నారంభించినది. కోటలకు బదులు గ్రంథాలయములు నిర్మింపబడిన కాలమది.

ఒకే బీరువాలో రాచకొండవారి అలంకారగ్రంథమును, కొండవీటివారి కావ్యమును ప్రక్కప్రక్కన నుండవచ్చును. ఏథెన్సు చరిత్రను, స్పార్టా చరిత్రను ఒకే పాఠకుడు ఒకే బల్లవద్ద చదువవచ్చును. బ్రతికియున్నప్పుడు ఒకచోట కూర్చుండలేనివారిని గ్రంథాలయము కూర్చుండబెట్టుచున్నది. పల్లెలో రెండు పక్షముల వారును ఒకే పత్రికకై ఒకే అరుగుమీద వేచియుండుట సామాన్యముగా కనిపించవచ్చును గాని, ఆ అరుగును ఇరువదియైదేండ్లు నిలుపుకొన్న గ్రామము కోటను నిలుపుకొన్న రాజుకంటె కష్టమైన పనిని సాధించినదే యగును.