బిరుదు కంటె ముందు పుట్టిన విజేత



స్క్వాష్ అనగానే మనలో పలువురకు వేసవిలో చన్నీట కలిపి త్రాగు పండ్లరసము జ్ఞప్తికి వచ్చును. నేను నేడు చెప్పబోవునది దానిని గూర్చి కాదు. ఇది నాలుగు గోడల నడుమ ఆడెడి ఒక బంతియాట. గది పొడవు 32 అడుగులు, వెడల్పు 21 అడుగులు. ఆడువా రిరువురును ఎదురెదురుగా నిలువరు. ఒకే వైపునకు మొగమై, చేత రాకెట్టు ధరించి, చిన్న రబ్బరు బంతిని ముందు గోడకు కొట్టుదురు. అది మరలివచ్చి రెండవమారు నేలను తాకకమునుపే ఎదిరి దానిని తిరిగి గోడకు కొట్టవలెను. వినుటకు పిల్లలాట వలె నుండును గాని, ఆడువారికి కొంతసేపటికే ఒడలెల్ల చెమట పట్టును.

దీని పుట్టుక వింతయైనది. పూర్వము లండను నగరమున అప్పు తీర్చలేనివారిని బంధించు ఫ్లీట్ అను చెరసాల యుండెను. అందలి ఖైదీలు ప్రొద్దుపోవుటకై ఆవరణపు గోడకు బంతి కొట్టి రాకెట్సు అను ఆట ఆడుచుండిరి. ఆ యాట క్రమముగా గోడలు దాటి, కలవారి బిడ్డలు చదువు హారో పాఠశాలకు చేరెను. 1830 ప్రాంతమున అచ్చటి బాలురు చిల్లుపడిన బంతితో ఆడగా అది గోడకు తగిలి నలిగెడిది. నలుగుట యను అర్థముగల ఆంగ్లపదమే ఈ క్రొత్త యాటకు పేరయ్యెను. బాకీదారుల చెర నుండి ప్రభువుల బడికి నడచిన ఆట మరియొకటి కలదేమో నే నెరుగను.

ఇక స్త్రీల సంగతి. ఏ యాటయైనను మొదట పురుషులు పోటీలు పెట్టుకొనుటయు, తరువాత స్త్రీలకు చోటిచ్చుటయు లోకరీతి యని తలంతుము. ఇచ్చట అట్లు జరుగలేదు. బ్రిటిషు ఓపెన్ అను గొప్ప పోటీ స్త్రీలకు 1922లో ఆరంభమయ్యెను, పురుషులకో, 1930లో. మొదటియేట తుదిపోటీలో నిలిచిన వారిరువురును ఒకే యింటి యాడుబిడ్డలు. జాయిస్ కేవ్ గెలిచెను, నాన్సీ కేవ్ ఓడెను. పిమ్మట జానెట్ మార్గన్ అను నామె 1950 మొదలు వరుసగా పది మారులు ఆ పోటీని గెలిచెను. ఇంత జరిగినను వీరి నెవరును ప్రపంచ విజేతలని వ్రాయలేదు. అట్టి బిరుదే లేదు. పురుషులకు 1967లో అంతర్జాతీయపు పోటీ ఏర్పడగా, ముందు బయలుదేరిన స్త్రీలు ఇంక తొమ్మిదేండ్లు వేచియుండవలసివచ్చెను.

ఆ వేచియున్న కాలమంతయు ఒక్క స్త్రీదే. ఆమె పేరు హెదర్ మెకే. పుట్టింటి పేరు బ్లండెల్. ఆస్ట్రేలియాలోని క్వీన్‌బియన్ అను ఊర 1941లో పుట్టెను. తండ్రి రొట్టెలు కాల్చి అమ్మువాడు. ఇంట పదునొకండుగురు సంతానము. హాకీ ఆడుటకు దేహము గట్టిపడునని ఆమె స్క్వాషు మొదలిడెను. తోడుగా పట్టినదే ముఖ్యమైపోయెను. 1960లో ఒకమారు, 1962లో స్కాట్లండు పోటీలో ఫ్రాన్ మార్షల్ చేత ఒకమారు ఓడెను. ఆ 1962లోనే అదే ఫ్రాన్ మార్షల్‌ను బ్రిటిషు ఓపెన్ తుదిపోటీలో గెలిచెను. అంతే. 1981లో విరమించువరకు మరి యెవరిచేతను ఓడలేదు. 1962 మొదలు 1977 వరకు పదునారేండ్లు బ్రిటిషు ఓపెన్ ఆమెదే.

ఆనాటి లెక్క ప్రకారము బంతిని మొదట వేయువారికే పాయింటు దక్కును. తొమ్మిది పాయింట్లకు ఒక ఆట. 1968 తుదిపోటీలో ఆమె మూడు ఆటలను 9-0, 9-0, 9-0గా ముగించెను. ఎదుట నున్నది సామాన్యురాలు కాదు, ఎందరినో ఓడించి తుదివరకు వచ్చిన క్రీడాకారిణి యని గుర్తుంచుకొనుడు.

తుదకు 1976లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున స్త్రీల మొదటి ప్రపంచ పోటీ జరిగెను. హెదరే గెలిచెను, 9-2, 9-2, 9-0. అప్పటి కామెకు ముప్పదియైదేండ్లు. 1979లో ఇంగ్లండునందలి షెఫీల్డున రెండవ పోటీ. అందు సూ కాగ్స్‌వెల్ మొదటి ఆటను 9-6గా లాగుకొనెను. చూపరులకు అది ఎంత వింతగా నుండెనో! పిమ్మటి మూడు ఆటలును హెదరువే. ప్రపంచ విజేతల పట్టిక తీసి చూచిన నేటి బాలికకు ఆమె పేరు ఎదుట రెండు విజయములే కన్పడును. దానిని బట్టి ఆమెను తూచుట పొరపాటు. పట్టిక ఆలస్యముగా మొదలయ్యెను.

అట్లయిన అజేయురాలికి ఆ బిరుదెందుకు అని యెవరైన అడుగవచ్చును. ఆమెకు అక్కరలేదు, తరువాతివారికి కావలెను. అంతవరకు గొప్పదనము చాటుకొనవలెనన్న సముద్రము దాటి బ్రిటను పోవలసినదే. ప్రపంచ పోటీయో, టొరంటో, పెర్తు, డబ్లిను, ఆక్లండు అని ఊరూర తిరుగజొచ్చెను. న్యూజిలాండుకు చెందిన సూజన్ డెవాయ్ నాలుగు మారులు గెలిచెను. మలేషియాలోని పెనాంగున పుట్టిన నికోల్ డేవిడ్, తండ్రి భారత సంతతివారు, తల్లి చైనా సంతతివారు, 2005 మొదలు 2014 లోపల ఎనిమిది మారులు గెలిచెను. ఈజిప్టు దేశపు నూర్ ఎల్ షెర్బీని 2025లో ఆ సంఖ్యను అందుకొనెను. 2019లో షికాగోయందు స్త్రీలకును పురుషులకును సమానముగా అయిదేసి లక్షల డాలర్లు బహుమతిగా నుంచిరి.

వీనిలో నా లెక్కకు మేలైనది 2014 నాటి కైరో తుదిపోటీ. రనీమ్ ఎల్ వెలీలీ తన దేశమున, తనవారి యెదుట ఆడుచుండెను. ఇరువురును రెండేసి ఆటలు గెలిచిరి. అయిదవ ఆటలో గెలుపునకు ఒక్క పాయింటు దూరమున ఆమె నాలుగు మారులు నిలిచెను. నాలుగు మారులును నికోల్ తప్పించుకొని, 14-12గా ఆటను ముగించెను. రనీమ్ పట్టు విడువలేదు. మూడేండ్లకు, 2017లో, మాంచెస్టరు నగరమున షెర్బీనిని ఓడించి తన పేరును ఆ పట్టికలో వ్రాయించుకొనెను.