ఆషూరా నుండి రంజాన్ వరకు: ఇస్లాంలో ఉపవాసం రూపుదిద్దుకున్న తీరు

2025లో మన దేశంలో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న ఆరంభమయ్యాయి. భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది. ఆ నెలంతా మసీదులోనూ దేవాలయంలోనూ ఉపవాసం మాటే వినబడింది. ఇలాంటి సమయాల్లో మన ప్రసంగాలలో ఒక పోలిక తరచుగా దొర్లుతుంది. వారిది ధర్మశాస్త్ర సంబంధమైన ఉపవాసమని, మనది కృపకు సంబంధించినదని, పగలు మానినదంతా వారు రాత్రి తింటారని చెబుతుంటాం. సంఘం తల ఊపుతుంది. అయితే ఈ పోలిక చరిత్ర ముందు ఎంతవరకు నిలుస్తుంది? ఇస్లాం ఉపవాసం మొదటి పది సంవత్సరాలలో ఏర్పడిన విధానాన్ని పరిశీలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

ముందుగా పదాన్ని చూద్దాం. మన ప్రాంతంలో వాడుకలో ఉన్న 'రోజా' పార్శీ మాట. 'రోజ్' అంటే దినం. ఖుర్‌ఆన్ వాడిన అరబీ పదం 'సౌమ్'. హెబ్రీలోని 'త్సోమ్', సిరియా భాషలోని 'సౌమా' దీనికి సోదర పదాలే. ఖుర్‌ఆన్ 19వ సూరా 26వ వచనంలో యేసు తల్లియైన మరియ ఎవరితోనూ మాట్లాడనని మ్రొక్కుకున్న సందర్భంలో ఇదే పదం కనిపిస్తుంది. అక్కడ ప్రస్తావన ఆహారాన్ని గురించి కాదు, మౌనాన్ని గురించి. కాబట్టి మూలంలో ఈ మాటకు 'మానుకొని ఉండడం' అనే అర్థం ఉంది. మనం వాడే సంస్కృత పదం 'ఉపవాసం' దగ్గరగా వసించడాన్ని సూచిస్తుంది. ఒకే ఆచారానికి రెండు మాటలు రెండు వైపుల నుండి వచ్చాయన్నమాట.

క్రీ.శ. 622లో మహమ్మద్ ప్రవక్త మక్కా నుండి మదీనాకు వలస వెళ్లారు. అక్కడి యూదులు ఆషూరా దినాన ఉపవసించడం చూసి కారణం అడిగారని, దేవుడు మోషేను ఫరో చేతి నుండి విడిపించిన దినమని వారు చెప్పారని, మోషే మీద మాకే ఎక్కువ హక్కు ఉందంటూ ఆయన తానూ ఉపవసించి తన వారినీ ఉపవసించమన్నారని బుఖారీ (మరణం క్రీ.శ. 870) హదీసు సంకలనంలో ఉంది. అదే సంకలనంలో, ఖురైషీలు ఇస్లాంకు ముందే ఆషూరా ఉపవాసం ఉండేవారని ఆయిషా చెప్పిన మరొక కథనమూ ఉంది. ఈ రెంటిలో దేనికి ఎంత బరువు ఇవ్వాలన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. లేవీయకాండం చదివిన మనకు ఇక్కడ ఒక చిక్కు వెంటనే తోస్తుంది. 'ఆషూరా' అంటే పదవది. ఏడవ నెల పదవ దినం ప్రాయశ్చిత్తార్థ దినం (లేవీ. 16:29, 23:27). ఫరో నుండి విడుదలను స్మరించేది పస్కా, అది వేరే నెలలో వస్తుంది. ఉపవాసపు తేదీ ఒక పండుగది, దాని కారణం మరొక పండుగది. నోటిమాటగా వచ్చిన సంప్రదాయంలో ఇలాంటి కలయిక జరగడం వింతేమీ కాదు.

హిజ్రీ రెండవ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో, రంజాన్ మాసమంతా ఉపవాసం విధిగా మారింది. ఆషూరా ఐచ్ఛికమైంది. ప్రార్థనలో ముఖం యెరూషలేము నుండి మక్కా వైపు తిరిగినది కూడా దాదాపు అదే కాలంలో. ఆ రంజాన్ 17నే బద్ర్ యుద్ధం జరిగిందని సంప్రదాయం. అంటే ఒక సమాజం తన ప్రత్యేకతను గుర్తించుకుంటున్న ఘట్టంలో ఈ ఉపవాసం పుట్టింది. అయినా రెండవ సూరా 183వ వచనం దీనిని కొత్త ఆచారంగా చెప్పదు. మీకు ముందున్న వారికి విధించినట్టే మీకూ విధించబడిందనే భావంతో మొదలవుతుంది. ఆ ముందున్న వారిలో క్రైస్తవులూ ఉన్నారు. క్రీ.శ. 325 నాటి నీకయ సభ ఐదవ నిబంధనే 'నలభై దినాల' కాలాన్ని పేర్కొంది. మహమ్మద్ ప్రవక్త నాటికి ఆ అలవాటుకు మూడు వందల ఏళ్ల వయసు.

ఎస్. డి. గోయిటైన్ అనే చరిత్రకారుడు ఇక్కడ ఒక ముఖ్యమైన సంబంధాన్ని చూపాడు. మోషే రెండవసారి రాతిపలకలతో కొండ దిగినది ప్రాయశ్చిత్తార్థ దినానే అని యూదుల సంప్రదాయం. ఖుర్‌ఆన్ అవతరించిన మాసం రంజాన్ అని 2:185 చెబుతుంది. రెండు చోట్లా ఉపవాసం గ్రంథాన్ని పొందడంతో ముడిపడి ఉంది. ఈ వాదనను పూర్తిగా అంగీకరించకపోయినా, రంజాన్‌ను ఆకలి నెలగా మాత్రమే చూడడం చాలదని ఇది తెలియజేస్తుంది. తరావీహ్ నమాజులలో నెల పొడవునా ఖుర్‌ఆన్ పారాయణం సాగడానికి కారణం అదే.

ఇక రాత్రి భోజనం సంగతి. మొదట్లో నియమం ఇప్పటికన్నా కఠినంగా ఉండేదని హదీసులు చెబుతున్నాయి. సూర్యాస్తమయం తరువాత తినకముందే నిద్రపోతే మరుసటి సాయంత్రం వరకు తినకూడదు. ఖైస్ బిన్ సిర్మా అనే మదీనా వాసి పగలంతా పనిచేసి ఇంటికి వచ్చి అన్నం ఉందా అని భార్యను అడిగాడు. ఆమె తేవడానికి వెళ్లి వచ్చేలోగా అతడు అలసటతో నిద్రపోయాడు. మరునాడు మధ్యాహ్నం స్పృహ తప్పి పడిపోయాడు. రాత్రంతా తిని త్రాగవచ్చునన్న 187వ వచనం అప్పుడు వచ్చిందని బుఖారీలోని కథనం. తెల్లదారం నల్లదారం నుండి వేరుగా కనబడే వరకు తినవచ్చునని ఆ వచనం చెబితే, అదీ బిన్ హాతిమ్ నిజంగానే రెండు దారాలు తలగడ క్రింద పెట్టుకొని చూశాడట! అది రాత్రి చీకటి, పగటి వెలుగు అని ప్రవక్త అతనికి వివరించారు. యూదుల మిష్నాలో ఉదయపు షెమా ప్రార్థన వేళను నీలం, తెలుపు వేరుగా కనబడడాన్ని బట్టి నిర్ణయించే చర్చ ఉంది.

కాబట్టి రాత్రి భోజనం నియమాన్ని తప్పించుకునే దొడ్డిదారి కాదు. కూలి చేసుకునే మనిషి బ్రతకడం కోసం వచ్చిన సడలింపు అది. రోగికీ ప్రయాణికునికీ వేరే దినాలలో ఉపవసించే వీలు ఇచ్చిన 185వ వచనమే దేవుడు మీకు సులువును కోరుతున్నాడని అంటుంది. ధర్మశాస్త్రం అనగానే భారం అని తలచే మనం ఇక్కడ కొంత ఆగాలి.

రాత్రి అతిగా తినే వారిని ఖండించడానికి మన అవసరం కూడా లేదు. పగటి భోజనాన్నీ కలిపి రాత్రికి తినేస్తే ఉపవాసం వలన లాభమేమిటని క్రీ.శ. 1111లో మరణించిన గజాలీ తన 'ఇహ్యా'లో కఠినంగానే ప్రశ్నించాడు. ఆయన ఉపవాసాన్ని మూడు మెట్లుగా చూశాడు: కడుపును, కామాన్ని అదుపులో పెట్టడం సామాన్యులది, కన్ను, నాలుక, చెవి, చేయి, కాలు పాపం నుండి ఆగడం రెండవది, హృదయం దేవుని తప్ప మరిదేనినీ తలంచకపోవడం మూడవది. అబద్ధం మాననివాడు అన్నం మానడం దేవునికి అక్కరలేదన్న భావం హదీసులోనే ఉంది. యెషయా 58 చదివినవారికి ఇది పరాయి మాట అనిపించదు. పండుగ నమాజుకు ముందే బీదలకు ఫిత్రా చేరాలన్న నియమం కూడా ఆ అధ్యాయపు ఏడవ వచనానికి దగ్గరగానే ఉంది.

తేడాలు లేవని కాదు. విశ్వాసంతో, ప్రతిఫలాపేక్షతో రంజాన్ ఉపవాసం ఉన్నవాని గత పాపాలు క్షమించబడతాయని హదీసు బోధిస్తుంది. ఆ బోధను మనం అంగీకరించలేము; ఉపవాసాన్ని సిలువ స్థానంలో నిలపలేము. మనకు ఉపవాసం ఒక వ్యక్తితో ముడిపడినది. పెండ్లికుమారుడు కొనిపోబడిన దినాల ఉపవాసం (మార్కు 2:20). భేదం నిజంగా ఉన్న చోటు ఇది. రాత్రి వంటల దగ్గర కాదు.

మరొక విషయం. ముస్లిం (మరణం క్రీ.శ. 875) సంకలనంలో, మన ఉపవాసానికీ గ్రంథ ప్రజల ఉపవాసానికీ తేడా తెల్లవారుజాము భోజనమేనన్న హదీసు ఉంది. ఆషూరాకు ముందు తొమ్మిదవ రోజు కూడా ఉపవసించాలన్న సంకల్పమూ అందులోనే కనిపిస్తుంది. పొరుగువారిలా ఉండకూడదన్న ఈ తపన మనకు వింతగా తోచవచ్చు. అయితే ఆదిమ సంఘపు బోధ గ్రంథమైన 'డిడఖే' ఎనిమిదవ అధ్యాయం చూడండి. వేషధారులు సోమ, గురువారాల్లో ఉపవసిస్తారు కనుక మీరు బుధ, శుక్రవారాల్లో ఉపవసించండని అది ఆజ్ఞాపిస్తుంది. మత్తయి 6:16లో ప్రభువు వేషధారుల ముఖం గురించి మాట్లాడితే, డిడఖే వారి వారాలను గురించి మాట్లాడింది. నేడు మన తెలుగు సంఘాలలో శుక్రవారపు ఉపవాస ప్రార్థన కూటం లేని ఊరు అరుదు. ఆ కూటానికి శుక్రవారమే ఎందుకని అడిగితే, సిలువ దినమని మనం జవాబు చెబుతాం. అది సరైనదే. అయితే మన చేతికి అందిన అతి పాత పత్రం చెప్పే కారణం మాత్రం, అది పొరుగువారి దినం కాదన్నదే.